వేలిముద్ర లేని పుట

ఆ ఆదివారం పెరట్లో పూజకు మందారాలు కోస్తుంటే మా ఆయన పేపరు పట్టుకొని వచ్చాడు. "ఏమే, మీ నాయన గురించి రాసినారు సూడు" అన్నాడు. మంచి మాటే రాసి ఉంటారనుకున్నాను. పూలబుట్ట గట్టు మీద పెట్టి, చేతులు కడుక్కొని, తడి ఆరేదాకా ఆగి మరీ అందుకున్నాను. సగం చదివేసరికి తొట్టి అంచు మీద కూర్చుండిపోయాను.

మా నాయన వీధినాటకాలు రాసినవాడు. ఆయన పోయి పద్నాలుగేళ్ళయింది. మదనపల్లె నుంచి కుప్పం దాకా ఇప్పటికీ తిరునాళ్ళు వస్తే ఏదో ఒక ఊళ్ళో ఆయన నాటకం ఆడుతూనే ఉంటారు. మదనపల్లెలో ఒక కాలేజీ తెలుగు లెక్చరర్ ఆ నాటకాలన్నీ ఒక పుస్తకంగా వేయాలని మొన్న వేసవిలో పుంగనూరులోని మా ఇంటికి వచ్చాడు. ఇంట్లో ఉన్న ప్రతులన్నీ నేనే ఆయన చేతికి ఇచ్చాను. స్వామి పంపితేనే వచ్చాడనుకొని, ఆయన వెళ్ళాక దేవుడి ముందు ఇంకో ఒత్తి వేసి వెలిగించాను.

పేపర్లో వ్యాసం రాసింది ఆ లెక్చరరే. తంబళ్లపల్లె వైపు మెట్టపల్లెలో గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టి, మూడో తరగతితో బడి మానిన మనిషికి ఇంత భాష ఎక్కడిదని ఆయన అనుమానం. మా నాయన పుంగనూరు వచ్చి స్థిరపడ్డాక ఒక కరణంగారి అరుగు మీద సాయంత్రాలు గడిపేవాడు. ఆ కరణంగారు సంస్కృతం చదివినవారు. ఈ నాటకాలన్నీ ఆయనే రాసి ఉంటారని, వీధినాటకాలు రాశానని చెప్పుకోవడం తన హోదాకు తగదని మా నాయన పేరు పెట్టించి ఉంటారని ఆ వ్యాసం. అంతటితో ఆగినా నాకు అంత భయం వేసేది కాదు. తర్వాత ఆధారం చూపించాడు.

మా నాయన నాటకాల్లో అందరికీ తెలిసింది గొర్రెలకాపరి ఆడమనిషి కథ. కరువులో ఒక పాలెగాడు ఆమె మందను తోలుకుపోతాడు. ఆమె కోట వాకిట్లో నిలబడి అడుగుతుంది. మా ఇంటి ప్రతిలో లేని చివరి పుటను ఏదో మేళం దగ్గర రాసుకొచ్చి, ఆ పుట ఒక్కటీ మిగతా వాటితో కలవదని లెక్చరర్ పట్టేశాడు. మిగతా అంతా ఒక నడక, ఆ పుట వేరే నడక. అంటే రాసినవాళ్ళు ఇద్దరు. "మిగతాది కరణంగారిదైతే, ఈ చివరి పుట ఒక్కటే ఈ వీధినాటక కవి సొంతంగా రాసింది అయి ఉండాలి" అని తేల్చాడు. పుస్తకం అట్ట మీద ఎవరి పేరు వేయాలో ఆలోచిస్తున్నామని, నెలాఖరుకు అచ్చుకు పోతుందని కింద ఉంది.

లెక్చరర్ పొరబడలేదు. ఇద్దరున్నమాట నిజం. ఆ చివరి పుట మాత్రం మా నాయనది కాదు. అది రాసింది నేను.

ఈ మాట అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్న మనిషికి కూడా. రోజూ దీపం పెట్టేటప్పుడు స్వామికి చెబుతూనే ఉన్నాను గానీ, ఆయన ఎప్పుడూ బయటపెట్టలేదు.

చిన్నప్పుడు నాకు ఆయాసం. బడికి నాలుగడుగులు వేస్తే గుండెలు ఎగిసిపడేవి. అందుకని మా నాయనే పలకా బలపం కొనుక్కొచ్చి ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. నాకు ఈ రోజు నాలుగు వాక్యాలు రాయడం వచ్చిందంటే అది ఆయన పెట్టిన భిక్ష. ఆయన చదవడం బాగా చదివేవాడు, రాయడమే కష్టం. "మీ నాయన రాస్తే కాగితం మీద గొర్రె పెంటికెలు సల్లినట్టుంటాది" అని మా అమ్మ నవ్వేది. పగలంతా ఊరి బయట గొర్రెల వెంట తిరుగుతూ పద్యాలు కట్టుకునేవాడు. సాయంత్రం మందను దొడ్లోకి తోలీ తోలకముందే "పాపా, కాగితం తీయి, మర్చిపోతాను" అని కేకేసేవాడు. ఆయన చెబుతూ ఉంటే నేను రాసేదాన్ని. అన్ని ప్రతులూ నా చేతిరాతే కావడం అందుకే. కరణంగారి అరుగు మీద ఏం చేసేవాడో కూడా నాకు తెలుసు. రాసింది తీసుకెళ్ళి చదివి వినిపించేవాడు. కరణంగారు బాగుందంటే పొంగిపోయి వచ్చేవాడు.

మా నాయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. నాటకం అడిగిన మేళానికి ప్రతి మొత్తం ఇచ్చేవాడు, చివరి పుట తప్ప. ఆ పుట ఒక్కటీ నాకు కూడా చెప్పకుండా తనే రాసుకొని, రేకుపెట్టెలో పెట్టి తాళం వేసుకునేవాడు, తాళంచెవి మొలతాడుకు. మొదటి ప్రదర్శన నాడు తనను పిలిపించుకొని, కొబ్బరికాయ కొట్టాక ఆ పుట చేతికిచ్చేవాడు. పొద్దు మునిగాక మొదలైన ఆట తెల్లవారి ముగిసేదాకా కదలకుండా వినేవాడు. ఎండ పొడిచాక ప్రతిని ఒళ్ళో పెట్టుకొని, తడి కుంకుమలో బొటనవేలు అద్ది, ఒక్కో పుట మీదా ముద్ర వేసేవాడు. ఈ మాట నాది, మీ నోట విన్నాను, ఇంక మీరు ఎక్కడైనా ఆడుకోండి అని దాని అర్థం. ముద్ర పడని ప్రతిని మేళం వాళ్ళు ఇంకో ఊరికి తీసుకెళ్ళరు. ఆ పుట నాకు చెప్పి నకలు రాయించేది ఆ తర్వాతే.

గొర్రెలకాపరి నాటకం కుప్పం మేళం అడిగింది. వాళ్ళ తిరునాళ్ళకు నాలుగు రోజులుందనగా మా నాయన పచ్చకామెర్లతో మదనపల్లె ఆసుపత్రిలో పడ్డాడు. మా అమ్మ తోడు వెళ్ళింది. ఇంట్లో నేను, చెవులు వినపడని మా అవ్వ. నాకప్పుడు పదిహేడేళ్ళు. మేళం వాళ్ళు ఇద్దరు వచ్చారు, హార్మోనియం వాయించే ఆయన ఒకడు. చివరి పుట లేకుండా ఆట ఎట్లా ఎత్తేది, తిరునాళ్ళ ఆగిపోతే అమ్మవారికి ఏం చెప్పుకునేది అని వాకిట్లో తలలు పట్టుకొని కూర్చున్నారు. ఆసుపత్రికి పోయి అడుగుదామంటే నాయనకు స్పృహ సరిగా లేదు, ఆయన చేత్తో ఇవ్వనిది పెట్టె తెరిచి తీసుకోవడం తప్పని వాళ్ళ భయం.

నాకేం పట్టిందో. "చివరి పుట నాయన నాకు చెప్పి పోయినాడు, ఉండండి రాసిస్తాను" అన్నాను.

ఆయన నాకేమీ చెప్పలేదు. దేవుడి గూటి ముందు కూర్చొని రాస్తే అబద్ధం కొంచెం తగ్గుతుందేమోనని అక్కడే కూర్చున్నాను. నా కథలో ఆమె తన గొర్రెల్ని తిరిగిమ్మని అడగదు. ఎర్రటెండలో ఒక్కసారి తన వెంట ఎండిన వాగు దాకా రమ్మని పాలెగాణ్ణి అడుగుతుంది. తన మంద తాగే చెలమలో నీళ్ళు దోసిలితో తీసి ఆయనకిస్తుంది. ఆయన తాగలేక తాగి ఏడుస్తాడు. అంతే. మేళం వాళ్ళు కళ్ళకద్దుకొని తీసుకెళ్ళారు.

ఆ ఘట్టం నిలిచిపోయింది. తెల్లవారి ఆ చోటు వచ్చేసరికి ఊరి ఆడవాళ్ళు చెంబులతో నీళ్ళు తెచ్చి అందరి దోసిళ్ళలో పోయడం ఆనవాయితీ అయిందని విన్నాను. వినడమే గానీ ఒక్కసారీ చూడలేదు. చూడాలంటే భయం.

మా నాయన కోలుకున్నాడు. మరుసటి ఏడు కుప్పం వెళ్ళి తెల్లవార్లూ తన నాటకం విన్నాడు. ఆయన వచ్చే బస్సు కోసం నేను ఎట్లా ఎదురుచూశానో నాకే తెలుసు. ఇంట్లోకి వచ్చి, కండువా తీసి దులిపి, "పాపా, రోంత మజ్జిగ ఇయ్యి" అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. ఆ రోజూ అనలేదు, చనిపోయేదాకా అనలేదు. గుర్తించలేదేమోనని సర్దిచెప్పుకున్నాను. ఆయన పోయాక రేకుపెట్టె తెరిస్తే మిగతా నాటకాల చివరి పుటల నకళ్ళు ఉన్నాయి. ఆ ఒక్క నాటకానిదే లేదు.

వ్యాసం చదివాక మూడు రోజులు నాకు అన్నం సహించలేదు. మాట్లాడకుండా ఉంటే నెలాఖరుకు మా నాయన రాసినవన్నీ ఇంకొకరి పేరు మీదికి పోతాయి, నేను రాసింది ఆయన నెత్తిన మిగులుతుంది. నోరు తెరిస్తే మాత్రం, నా చేతిరాతలో ఉన్నవన్నీ నేనే కల్పించానని అనరా? తండ్రి పేరు తీసిన కూతురని అనరా? వీటికి మించిన భయం ఇంకొకటి ఉంది. కుప్పం ప్రతిలో ఆ చివరి పుట మీద మా నాయన ముద్ర ఉందా, లేదా? ఉంటే, తనది కానిదాన్ని తనదన్నట్టే. ఆ మాట నేను ఏ నోటితో చెప్పను? లేకపోతే, ఆయనకు తెలుసన్నట్టు. తెలిసీ ఇన్నేళ్ళు నా మొహం చూశాడన్నట్టు.

నాలుగో రోజు మా ఆయనకు అంతా చెప్పేశాను. ఆయన తింటున్న ముద్ద ఆపి నా వైపు చూశాడు.

"ఇంతేనా? నేనింకా ఏం కొంప మునిగిందో అనుకుంటి. పేపరు వచ్చిన కాడి నుంచి కూర్లో ఉప్పు ల్యాదు."

"నీకు ఎగతాళిగా ఉండాదా?"

"ఎగతాళి కాదే. కుప్పం ఏమన్నా కాశీనా? పొద్దున బస్సుకు పో. పోయి సూడు. ఈడ కూసోని ఎన్ని ముద్రలని ఊహించుకుంటావు?"

పోయాను. పలమనేరులో బస్సు మారేటప్పుడు తిరిగి ఇంటికి పోయే బస్సు పక్కనే నిలబడి ఉంది. దాని మెట్టు మీద ఒక కాలు పెట్టాను కూడా. కండక్టరు, "పెద్దమ్మా, యాడికి?" అన్నాడు. నా నోట కుప్పమని వచ్చింది. "అయితే ఇది కాదు, అదో, ఆ బస్సు. పరిగెత్తొద్దు, నేను ఆపిస్తా" అని కేకేసి ఆపాడు. ఆ కండక్టరు ఇంట్లో అందరూ చల్లగా ఉండాలి. సీట్లో కూర్చొని కుప్పం వచ్చేదాకా స్వామి నామం అనుకుంటూనే ఉన్నాను.

హార్మోనియం ఆయన ఇప్పుడు ముసలివాడయ్యాడు, మేళానికి పెద్ద. వాకిట్లో నులకమంచం మీద కూర్చొని నన్ను చూడగానే గుర్తుపట్టాడు.

"రామ్మా, రా. ఇన్నేండ్లకు కుప్పానికి దావ కనపడిందా?"

"పెదనాయనా, నాటకం ప్రతి ఒకసారి సూడాల."

"సూద్దువులే. ముందు సంగటి తిను. మొహం సూడు, బస్సు నిన్ను మోసిందా, నువ్వు బస్సును మోసినావా?"

తిననంటే వినలేదు. తిన్నాను. చేయి కడుక్కున్నాక ఆయన దేవుడి అరలోంచి పసుపుగుడ్డ మూట తీసి నా ముందు విప్పాడు. నేను పదిహేడేళ్ళప్పుడు రాసిన అక్షరాలు. ఒక్కో పుట కిందా మా నాయన బొటనవేలు, కుంకుమ నల్లబడి ఇటుకరంగుకు వచ్చింది. పుట తిప్పేకొద్దీ ఆ వేలే. చిన్నప్పుడు పలక మీద నా చేయి పట్టుకున్న వేలు. కళ్ళకు నీళ్ళు కమ్ముకొస్తున్నా ఆగకుండా తిప్పాను. చివరి పుట వచ్చింది.

కింద ఏమీ లేదు. కాగితం ఖాళీగా ఉంది.

చిన్నప్పటి ఆయాసం మళ్ళీ వచ్చినట్టు ఊపిరి అందలేదు. ఆయన నీళ్ళచెంబు నా ముందుకు జరిపాడు.

"ఆ పొద్దు నేను పక్కనే ఉండానమ్మా. మీ నాయన మన ఆట ఇన్నాడు. చివర పాలెగాడు నీళ్ళు తాగి ఏడ్సే చోట మీ నాయన చొక్కా జోబీలో నుంచి ఒక కాగితం తీసినాడు. తనది తెచ్చుకోనుండాడు. దాన్ని సూసినాడు, ఆటను సూసినాడు, మళ్ళా మడిచి లోపల పెట్టుకున్నాడు. ఎండ పొడిచినాక అన్ని పుటలకూ వేలు పెట్టి, దీనికి పెట్టకుండా లేచినాడు. ఎందుకు పెట్టలేదప్పా అంటే ఏమన్నాడు తెల్సా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"ఇది మా పాపది, దీనికి నేను వేలు పెడితే దొంగతనం అవుతాది, ఆట మాత్రం యాడన్నా ఆడుకోండి అన్నాడు. పాపే వచ్చి పెడతాది, ఆపొద్దు దాకా ఎవురికీ సెప్పొద్దు, ఆ బిడ్డ బయపడతాది అన్నాడు. మేమూ సూస్తాండాం, సూస్తాండాం. నువ్వు వస్తేగా!"

ఆయన తమాషాగానే అన్నాడు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ళు నాయనకు తెలిసిందేమోనని భయపడ్డాను. నేను భయపడతానని ఆయన నోరు విప్పలేదు. ఆ జేబులోని కాగితం ఏమైందో ఎవరికీ తెలియదు. మా నాయన ఆ కథను ఎట్లా ముగించాడో నాకు ఇక ఎప్పటికీ తెలియదు. నా పుట ఆయన పుటను మింగేసింది. దానికి ఏ దేవుడి ముందు ఎన్ని దీపాలు పెట్టాలో నాకు తెలియదు.

హార్మోనియం ఆయన లోపలి నుంచి కుంకుమభరిణె తెచ్చాడు. "పెట్టమ్మా. నీ కోసం కాసుకోనుండాది."

భరిణె వెనక్కి జరిపాను. "ఇప్పుడు కాదు పెదనాయనా" అన్నాను. ముద్ర వేస్తే నాదని ఒప్పుకున్నట్టు. నాదైతే, రేపు ఎవరు ఏమన్నా పడాలి. లెక్చరర్ సంగతి చెప్పి, ప్రతిని రెండు రోజులు ఇమ్మని అడిగాను.

"ఇయ్యను. మేళం సొత్తు. నేనే తోడు వస్తా. ఆ సారు మొగం నేనూ సూడాల కదా" అన్నాడు.

అన్నట్టే రెండు రోజుల తర్వాత మూట ఒళ్ళో పెట్టుకొని పుంగనూరు బస్సు దిగాడు. ఇద్దరం మదనపల్లె వెళ్ళాం. కాలేజీ మెట్లెక్కుతుంటే నా చెప్పు జారింది. చిన్న గది, బీరువా నిండా పుస్తకాలు. లెక్చరర్ మర్యాదగా లేచి కుర్చీ వేశాడు. కూర్చుంటే మాట రాదేమోనని నిలబడే చెప్పేశాను. చివరి పుట నాదని, అందుకే ఆట విన్నాక నాయన దాని మీద వేలు పెట్టలేదని, మిగతావన్నీ ఆయన చెబుతుంటే నేను రాశానని.

ఆయన ప్రతిని పుట పుటా తిప్పి చూశాడు. "వేలిముద్ర ఆయన విన్నాడని చెబుతుందమ్మా, రాశాడని చెప్పదు కదా" అన్నాడు నెమ్మదిగా.

హార్మోనియం ఆయన ముందుకు వంగాడు. "సార్, మీరెప్పుడన్నా గొర్లు మేపినారా?"

"లేదండీ."

"అదే సూడండి. పొద్దున తోలుకోని పోతే మాపటిదాకా ఏం పని ఉంటాది? గొర్రె మేస్తాది, మనిషి ఊరకే నిలబడాల. పద్యం కట్టను అంతకంటే తీరిక యాడ దొరుకుతాది? మీ కాలేజీలో దొరుకుతాదా?"

లెక్చరర్ నవ్వాడు. నవ్వి నా వైపు తిరిగాడు. "ఒక్క మాట అడగాలి, ఏమీ అనుకోవద్దు. చేతిరాత అంతా మీదే. ఇంత మంచి పుట మీరు రాయగలిగినప్పుడు, మిగతావి కూడా మీరే రాయలేదని ఎట్లా నమ్మమంటారు?"

నేను వారం రోజులుగా భయపడుతున్న మాట అదే. బల్ల మీది ప్రతిని చివరి పుట దాకా తిప్పాను. ఆ ప్రతిలోని ఖాళీ చోటే కనపడుతూ ఉంది.

"సార్, ఊరంతా ఆ పుటనే మెచ్చుకున్నారు. ఆ మెప్పంతా ఆయనకే వచ్చింది. అయినా తనది కాదని దానికి వేలు పెట్టలేదు. కన్నకూతురు రాసిన ఒక్క పుటనే నాదని అనని మనిషి, వేరేవాళ్ళు రాసిన నాటకాలన్నింటికీ నాదని వేలు పెట్టి ఉంటాడా? నాకు ఇంతే తెలుసు. ఇంకో సాక్ష్యం నా దగ్గర లేదు."

లెక్చరర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అట్ట మీద మీ నాన్నగారి పేరే ఉంటుంది" అన్నాడు. "నా అనుమానం మాత్రం పూర్తిగా పోలేదమ్మా, అబద్ధం చెప్పను. ముందుమాటలో అదీ రాస్తాను, మీరు చెప్పిందీ రాస్తాను. కానీ ఆ చివరి పుట కింద మీ పేరు వేయాలి. రాసి సంతకం చేసివ్వండి."

కాగితం ఇచ్చాడు, రాశాను. నా చేతిరాత నాకే మా నాయన రాతలా, గొర్రె పెంటికెలు చల్లినట్టు కనిపించింది. సంతకం పెట్టాక బల్ల మీద స్టాంపుప్యాడ్ కనపడింది. అడగకుండానే మూత తీసి, బొటనవేలు అద్దాను.

"అమ్మా, అమ్మా, మీకు రాయడం వచ్చు కదా! వేలిముద్ర అక్కర్లేదు" అన్నాడు లెక్చరర్. నేను కుప్పం ప్రతిని నా వైపు తిప్పుకోవడం చూసి కంగారుగా లేచాడు. "అది పాత కాగితం, మరక పడుతుంది."

"మరక కాదులే సార్" అన్నాడు హార్మోనియం ఆయన, పుటను రెండు చేతులా నొక్కి పట్టుకొని.

మా నాయనది ఇటుకరంగు, నాది నీలం. నాది కాస్త వంకరగా పడింది.

ఆ లెక్చరర్ మీద నాకు కోపం లేదు. ఆయన అనుమానపడకపోతే నేను కుప్పం బస్సు ఎక్కేదాన్నే కాదు. ఇంటికి తిరిగొచ్చాక రెండుసార్లు సబ్బుతో రుద్దినా వేలికి సిరా పోలేదు. అట్లాగే దీపం పెట్టడానికి కూర్చున్నాను. పుస్తకం బయటికి వస్తే ఎవరేమంటారోనని భయం ఇంకా పోలేదు. మొదటి అగ్గిపుల్ల విరిగిపోయింది. రెండోదీ విరిగింది.

వాకిట్లో నుంచి మా ఆయన, "ఈ పొద్దన్నా కూర్లో ఉప్పు వేస్తావా?" అని అడిగాడు.

"వేస్తాను" అని మూడో పుల్ల గీశాను.